ఒక్క పంట మీద నిలబడ్డ దేశం: ఆఫ్రికాలో కరువును తట్టుకునే సేద్యం ఎలా ఉంటుంది?

2024లో ఐదారు వారాల వ్యవధిలో దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోని మూడు దేశాలు కరువును జాతీయ విపత్తుగా ప్రకటించాయి. ఫిబ్రవరి చివర్లో జాంబియా, మార్చిలో మలావీ, ఏప్రిల్ మొదట్లో జింబాబ్వే. ఎల్ నినో ప్రభావంతో సరిగ్గా మొక్కజొన్న కంకి గింజ పట్టే రోజుల్లోనే వాన ముఖం చాటేసింది. జాంబియాలో వేసిన 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో దాదాపు 10 లక్షల హెక్టార్లు ఎండిపోయాయని ఆ దేశాధ్యక్షుడు హకైండే హిచిలేమా చెప్పారు. కరీబా జలాశయం అడుగంటడంతో కరెంటు కూడా పోయింది. పండిన కాస్త గింజను పిండి పట్టించుకోవడమూ కష్టమైంది.

ఈ మూడింటిలో మలావీ కథ కాస్త ప్రత్యేకం. 2007లో ఇదే దేశం మొక్కజొన్న మిగులు చూపించి, ఆ చుట్టుపక్కలే ఉన్న జింబాబ్వేకు గింజలు ఎగుమతి చేసింది. "ఆఫ్రికా ఆకలికి మందు దొరికింది" అన్నంతగా అప్పట్లో ప్రపంచ పత్రికలు రాశాయి. పదిహేడేళ్లు తిరిగేసరికి అదే దేశం సాయం కోసం చేయి చాపాల్సి వచ్చింది. మధ్యలో ఏం జరిగింది? మందు పనిచేయలేదా, లేక రోగం వేరేదా? ఆఫ్రికా వ్యవసాయం గురించి నడుస్తున్న వాదనలన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. ఆఫ్రికా అంటే 54 దేశాలు. ఎడారి అంచున ఉన్న నైజర్‌కూ, నిత్యం వానలు పడే కాంగో పరీవాహకానికీ ఒకే మాట వర్తించదు. అందుకే ఇక్కడ మలావీని మధ్యలో పెట్టుకుని, అవసరమైన చోట ఇతర దేశాల్లోకి తొంగి చూద్దాం.

## తట్టుకోవడం అంటే ఎంత పండిందన్నది కాదు

అంతర్జాతీయ నివేదికల్లో తరచూ కనిపించే "రెసిలియెన్స్" అనే మాటకు అర్థం ఇంతే: దెబ్బ తగిలినప్పుడు కుటుంబం పస్తులుండకుండా, ఉన్న మేకలు, పనిముట్లు, పొలం అమ్ముకోకుండా గట్టెక్కగలగడం, వచ్చే తొలకరికి మళ్లీ విత్తగలగడం. దెబ్బ అంటే కరువే కానక్కర్లేదు. తుపాను కావచ్చు, పురుగు కావచ్చు, ఎక్కడో జరిగిన యుద్ధం వల్ల ఎరువు ధర రెట్టింపు కావడం కావచ్చు.

ఈ లెక్కన చూస్తే దిగుబడి ఒక్కటే కొలత కాదు. మంచి ఏడాదిలో ఎకరానికి ఎంత పండిందన్నది ఒక ప్రశ్న. చెడ్డ ఏడాదిలో ఎంత మిగిలిందన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు ఒకటే కావాలని లేదు. కొన్నిసార్లు మొదటిదాన్ని పెంచే పద్ధతే రెండోదాన్ని తగ్గిస్తుంది.

ఆహార వ్యవస్థ అన్నప్పుడు పొలంతో పాటు విత్తన దుకాణం, గోదాము, రోడ్డు, మర, సంత, సరిహద్దు చెక్‌పోస్టు, ప్రభుత్వ నిల్వలు, పేదవాడి చేతిలో డబ్బు, అన్నీ అందులోకి వస్తాయి. ఐక్యరాజ్యసమితి 2025 నివేదిక ప్రకారం 2024లో ఆఫ్రికాలో 30 కోట్ల 70 లక్షల మంది ఆకలితో ఉన్నారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా. వీళ్లలో చాలామంది పంట పండించే కుటుంబాల వాళ్లే.

## మలావీ ఇంట్లో గింజ ఎప్పుడు అయిపోతుంది

మలావీలో రోజూ తినేది న్సిమా. మరుగుతున్న నీళ్లలో మొక్కజొన్న పిండి పోసి గట్టిగా తిప్పి ముద్ద చేస్తారు, మన సంకటి లాగే. పక్కన ఆకుకూరో, చిక్కుడు గింజలో, దొరికితే సరస్సు చేపలో. జాంబియాలో దీన్నే న్షిమా అని, జింబాబ్వేలో సద్జా అని, కెన్యా, టాంజానియాల్లో ఉగాలి అని అంటారు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కజొన్న వలస పాలన కాలం నుంచి జొన్న, సజ్జ, రాగులను పక్కకు నెట్టేసి ఈ ప్రాంతమంతా పరుచుకుంది.

మలావీలో చాలా కుటుంబాలకు రెండున్నర ఎకరాల లోపే భూమి. వాన ఒక్కటే కాలం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. సాగునీటి సౌకర్యం చాలా తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో పంట ఇంటికి వస్తుంది. పేద ఇళ్లలో అది డిసెంబరుకల్లా, చాలాచోట్ల అంతకన్నా ముందే, అయిపోతుంది. అక్కడి నుంచి కొత్త కంకి వచ్చేదాకా ఆకలి నెలలు. దారుణమేమిటంటే పొలంలో ఒళ్లు వంచి పని చేయాల్సింది కూడా ఆ నెలల్లోనే. తిండి కోసం వేరేవాళ్ల పొలంలో కూలికి పోతే సొంత చేలో కలుపు తీసేవాళ్లుండరు. సొంత చేలో కలుపు తీయకపోతే వచ్చే ఏడాది గింజ ఇంకా ముందే అయిపోతుంది. కరువు రాని ఏడాదిలో కూడా ఈ గానుగ తిరుగుడు ఆగదు. కరువు దాన్ని ఇంకాస్త బిగిస్తుంది.

## రెండు బస్తాల ఎరువు: గెలుపెంత, ఖర్చెంత

2005లో వానలు దెబ్బతీశాయి. సుమారు 50 లక్షల మందికి తిండి సాయం అవసరమైంది. దాతలు వద్దంటున్నా అప్పటి అధ్యక్షుడు బింగు వా ముతారికా పెద్ద ఎత్తున ఎరువుల సబ్సిడీ మొదలుపెట్టారు. ఎంపికైన కుటుంబానికి కూపన్లు ఇస్తారు. వాటితో అతి తక్కువ ధరకు 50 కిలోల ఎరువు బస్తాలు రెండు, కొంత మేలు రకం విత్తనం దొరుకుతాయి. మంచి వానలు కూడా తోడై, రెండేళ్లలో దేశం మొక్కజొన్న దిగుబడి ప్రభుత్వ లెక్కల ప్రకారం 12 లక్షల టన్నుల నుంచి 30 లక్షల టన్నులు దాటింది. ఆ లెక్కలు ఎక్కువ చేసి చెప్పారన్న విమర్శ తర్వాత వచ్చింది. కానీ పంట బాగా పెరిగిందన్నది మాత్రం నిజం.

ఆ రెండు బస్తాలు ఒక ఇంట్లో ఏం చేస్తాయో లెక్క కట్టి చూద్దాం. ఇవి అర్థం కావడానికి తీసుకున్న అంకెలు. ఐదుగురున్న కుటుంబం, ఎకరంపావు పొలం అనుకుందాం. మనిషికి ఏడాదికి 130 కిలోల చొప్పున 650 కిలోల మొక్కజొన్న కావాలి. ఎరువు లేకుండా ఆ పొలంలో 500 కిలోలు పండుతుందనుకుందాం. 50 కిలోల యూరియాలో 23 కిలోల నత్రజని ఉంటుంది. మలావీలో దుక్కిలో వేసే 23:21:0 బస్తాలో పదకొండున్నర కిలోలు ఉంటుంది. మొత్తం ముప్పై నాలుగున్నర కిలోలు.

నేల బాగుండి, వాన సమయానికి పడితే కిలో నత్రజనికి 15 కిలోల గింజ అదనంగా వస్తుందనుకుంటే, మరో 517 కిలోలు కలుస్తాయి. మొత్తం వెయ్యి కిలోలు దాటింది. ఇల్లు గడిచి, 350 కిలోలు అమ్ముకోవచ్చు. అదే సారం పోయిన నేల అయితే కిలో నత్రజనికి ఆరు కిలోలే వస్తాయనుకుందాం. అప్పుడు మొత్తం 700 కిలోలు. తినడానికి సరిపోతుంది, మిగలదు. ఇక వాన ఎగ్గొట్టిన ఏడాదిలో అసలు పంటే 250 కిలోలకు పడిపోయి, ఎరువు వల్ల మహా అయితే ఇంకో వంద కిలోలు కలిస్తే ఇంట్లో ఉన్నది 350. ఇంకా 300 కిలోలు కొనాలి, ధర ఆకాశంలో ఉన్నప్పుడు. రెండు బస్తాల ఎరువు అదే, పొలం అదే.

దీన్నిబట్టే వాదన రెండుగా చీలుతుంది. సబ్సిడీని సమర్థించేవాళ్ల మాటలో బలముంది. సహారా ఎడారికి దిగువన ఉన్న దేశాల్లో హెక్టారుకు సగటున 20 కిలోల చుట్టూనే ఎరువు పోషకాలు వాడుతున్నారు. మన దేశంలో అది దానికి ఎన్నో రెట్లు. 2006లో అబూజాలో ఆఫ్రికా నేతలు హెక్టారుకు 50 కిలోలు చేరాలని లక్ష్యం పెట్టుకుని, చేరలేకపోయారు. ఏటా పంటతో పాటు పోషకాలు నేల నుంచి పోతుంటే, తిరిగి ఏమీ వేయకుండా నేలను కాపాడటం ఎవరి వల్లా కాదు. ఎరువు కొనే స్తోమత లేని రైతుకు అది అందించడం తప్పెలా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న.

విమర్శించేవాళ్లు ఖర్చు వైపు చూపిస్తారు. కొన్ని ఏళ్లలో ఈ ఒక్క పథకమే వ్యవసాయ శాఖ బడ్జెట్‌లో సగానికి మించి మింగేసింది. సలహాలిచ్చే సిబ్బందికి, చిన్న నీటి వనరులకు, పరిశోధనకు మిగిలింది కొంచెమే. మలావీకి సముద్రం లేదు. ఎరువు మొజాంబిక్‌లోని బైరా, నకాలా రేవుల నుంచో, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ నుంచో లారీల్లో, రైళ్లలో రావాలి, డాలర్లలో కొనాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఎరువు ధరలు ఎగిశాయి. 2023 నవంబరులో మలావీ కరెన్సీ క్వాచా విలువను తగ్గించడంతో డాలరు ధర ఒకేసారి 44 శాతం పెరిగింది. పాత సబ్సిడీ స్థానంలో 2020లో మొదలైన కొత్త పథకం ఈ దెబ్బలకు కుదేలై, లబ్ధిదారుల సంఖ్యను తగ్గించుకుంటూ వచ్చింది. వాన దెబ్బ నుంచి కాపాడాల్సిన పథకం డాలరు దెబ్బకు దొరికిపోయింది.

నా ఉద్దేశంలో ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. ఎరువు అవసరమే. ఆ ఎరువును పట్టి ఉంచే నేల లేకపోతే దానికి పెట్టిన డబ్బు సగం వృథా.

## ఎరువును పట్టి ఉంచే నేల

నేలలో ఆకు, పేడ, వేళ్ల అవశేషాలు కుళ్లి చేరే సేంద్రియ పదార్థం తగ్గిపోతే రెండు నష్టాలు. పడిన వాన నిలవదు, వేసిన ఎరువు నిలవదు. ఏటా మొక్కజొన్న మీద మొక్కజొన్న వేసిన పొలాల్లో జరుగుతున్నది ఇదే. దీనికి ఖండం నలుమూలలా రకరకాల జవాబులు కనిపిస్తాయి. అందులో నైజర్‌లో జరిగింది కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

1970లు, 80లలో వరస కరువులు నైజర్‌ను బోసి చేశాయి. మొక్కలు నాటే ప్రభుత్వ పథకాలు చాలావరకు విఫలమయ్యాయి. నాటినవి ఎండిపోయేవి. మరాడి ప్రాంతంలో పనిచేస్తున్న ఆస్ట్రేలియా దేశస్థుడు టోనీ రినాడో 1980లలో గమనించిందేమిటంటే, పొలాల్లో పొదల్లా కనిపించేవి నిజానికి పొదలు కావు. నరికేసిన చెట్ల మోళ్లు. వేళ్లు నేలలో బతికే ఉన్నాయి. ఏటా చిగురిస్తున్నాయి, రైతులు దున్నే ముందు ఏటా కొట్టేస్తున్నారు. ఒక్కో మోడులో నాలుగైదు గట్టి చిగుళ్లు ఉంచి మిగతావి కత్తిరిస్తే చాలు, చెట్టు తనంతట తాను లేస్తుంది. నర్సరీ అక్కర్లేదు, నీళ్లు పోయక్కర్లేదు.

మరి అప్పటిదాకా రైతులు ఎందుకు కొట్టేశారు? పాత చట్టం ప్రకారం చెట్టు ప్రభుత్వానిది. పొలంలో చెట్టు పెరిగితే అటవీ శాఖ వాళ్లు వస్తారు, జరిమానా వేస్తారు. క్రమంగా ఆ ఆంక్షలు సడలి, చెట్టు మీద రైతుకు హక్కు ఉన్నట్టు చెల్లుబాటు కావడం మొదలయ్యాకే చెట్లు నిలిచాయి. నేడు దక్షిణ నైజర్‌లో సుమారు 50 లక్షల హెక్టార్లలో ఇలా పెరిగిన చెట్లున్నాయని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా అంచనా వేశారు. ఇందులో రైతులు ప్రాణంగా చూసుకునేది గావో అనే తుమ్మ జాతి చెట్టు. దాని స్వభావం విచిత్రం. వానాకాలంలో ఆకు రాల్చేస్తుంది, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. అందువల్ల కింద వేసిన సజ్జకు నీడ అడ్డు రాదు, రాలిన ఆకు ఎరువవుతుంది, ఎండల్లో కాయలు, ఆకులు మేకల మేతకు పనికొస్తాయి. చెడ్డ ఏడాదిలో కొమ్మలు అమ్మి గింజలు కొనుక్కోవచ్చు.

ఇది నైజర్ ఆకలిని తీర్చేసిందా? లేదు. దిగుబడులు ఇంకా తక్కువే, జనాభా వేగంగా పెరుగుతోంది, 2005లో అక్కడ మళ్లీ ఆకలి విలయం చూశాం. కానీ అతి తక్కువ ఖర్చుతో, ఇంత విస్తీర్ణంలో, రైతుల చేతులతోనే జరిగిన మార్పు ఇంకొకటి చూపించడం కష్టం.

పక్కనే బుర్కినా ఫాసోలో జాయి గుంతలు. గట్టిపడిన నేలలో ఎండాకాలంలోనే చిన్న గుంతలు తవ్వి, అందులో పెంట వేసి ఉంచితే తొలి వాన నీరంతా అక్కడే ఇంకుతుంది. ఈ పాత పద్ధతిని మెరుగుపరిచి బంజరును అడవిగా మార్చిన రైతు యాకూబా సవడోగో 2023 డిసెంబరులో కన్నుమూశారు. ఈ గుంతల చిక్కల్లా ఒళ్లు విరిగే చాకిరీ. మగవాళ్లు పట్నాలకు వలస పోయిన ఇళ్లలో ఎవరు తవ్వుతారు?

ఎరువును చల్లకుండా మొక్క మొదట్లో చిటికెడు, లేదా సీసా మూతకు కొలిచి వేసే పద్ధతి కూడా ఇక్కడ బాగా వ్యాపించింది. మన పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు నైజర్‌లో, జింబాబ్వేలో ఉన్న కేంద్రాలు దీని మీద చాలా పనిచేశాయి. పూర్తి మోతాదు కొనలేని రైతుకు, వాన నమ్మకం లేని చోట, పెట్టుబడి పోయినా కొంచెమే పోతుంది.

## మలావీ పొలంలో కంది, తాండూరులో ధర

దక్షిణ మలావీలో మొక్కజొన్న సాళ్ల మధ్య కంది వేయడం పాత అలవాటు. అక్కడ దాన్ని నండోలో అంటారు. మన మెట్ట రైతుకు ఈ పొందిక వివరించక్కర్లేదు. కంది మొదట్లో నిదానంగా ఎదుగుతుంది, మొక్కజొన్నతో పోటీ పడదు. మొక్కజొన్న కోసేశాక మిగిలిన తేమను లోతు వేళ్లతో తోడుకుని పెరుగుతుంది. ఆకు రాల్చి నేలకు సత్తువ ఇస్తుంది. వాన మధ్యలో ఆగి మొక్కజొన్న పోయినా కంది చాలాసార్లు నిలుస్తుంది. పప్పు తింటారు, ఎండు కట్టె పొయ్యిలోకి వస్తుంది. ఎండు తెగులును తట్టుకునే కంది రకాలను ఇక్రిశాట్, మలావీ పరిశోధకులు కలిసి అందించారు కూడా.

ఇంత మంచిదైతే దేశమంతా ఎందుకు వేయరు? మధ్య మలావీలో ఒక అడ్డంకి ఉంది: మొక్కజొన్న కోతలు కాగానే మేకల్ని, పశువుల్ని చేలలోకి వదిలేస్తారు. అప్పటికి కంది పచ్చగా, పూత మీద ఉంటుంది. ఒక్క రైతు మాత్రమే కంది వేస్తే అది ఊరి మేకలకు విందు. ఊరంతా కలిసి పశువులను కట్టేయడానికి ఒప్పుకుంటే తప్ప ఆ పంట బతకదు. ఏ విత్తన సంచిలోనూ ఈ ఒప్పందం దొరకదు.

రెండో అడ్డంకి మన దేశంలోనే ఉంది. 2015లో మన దగ్గర కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. మరుసటి ఏడాది జులైలో ప్రధాని మోదీ మొజాంబిక్ రాజధాని మాపుటో వెళ్లినప్పుడు, ఆ దేశం నుంచి ఏటా లక్ష టన్నులతో మొదలుపెట్టి 2 లక్షల టన్నుల దాకా పప్పుధాన్యాలు తెచ్చుకునే ఒప్పందం కుదిరింది. తూర్పు ఆఫ్రికా రైతులు ఆశగా కంది విస్తీర్ణం పెంచారు. సరిగ్గా అదే ఏడాది మన దగ్గర రికార్డు పంట వచ్చింది. క్వింటాలుకు బోనస్‌తో కలిపి 5,050 రూపాయల మద్దతు ధర ఉన్నా, తాండూరు లాంటి మార్కెట్లలో రైతు అది దక్కక తిప్పలు పడ్డాడు. 2017 ఆగస్టులో కేంద్రం కంది దిగుమతికి పరిమితి పెట్టింది. మొజాంబిక్‌కు ఇచ్చిన కోటా వేరుగా ఉన్నా టాంజానియా, మలావీ, మొజాంబిక్ మూడింట్లోనూ ధర కుప్పకూలింది.

మన రైతును కాపాడటానికి తీసుకున్న నిర్ణయం తప్పని చెప్పలేం. అటువైపు రైతుకు మాత్రం అది ఆకాశం నుంచి పడ్డ పిడుగు. అక్కడ తేడా చూపించింది వంటిల్లు. మలావీలో నండోలో ఇంట్లో తింటారు. ధర పడితే ఆదాయం పోయింది గానీ తిండి మిగిలింది. మొజాంబిక్‌లో కందిని ఎక్కువగా భారత్‌కు అమ్మడానికే పండిస్తారు. అక్కడి రైతుకు రెండూ పోయాయి. పంటల వైవిధ్యం అనగానే ఏ పంటైనా ఒకటే అనుకోకూడదని దీనివల్ల తెలుస్తుంది. 2021లో భారత్ మళ్లీ కంది దిగుమతులు స్వేచ్ఛగా అనుమతించి, ఏటా 50 వేల టన్నులకు మలావీతో ఒప్పందం చేసుకుంది.

ఇటు నుంచి అటు ధర దెబ్బ వెళ్లినట్టే, అటు నుంచి ఇటు కత్తెర పురుగు వచ్చింది. 2016లో పశ్చిమ ఆఫ్రికాలో కనిపించి, రెండేళ్లలో ఖండంలో చాలా భాగం ఆక్రమించి, 2018లో కర్ణాటకలో తేలి, అదే ఏడాది మన మొక్కజొన్న సుడుల్లో దిగింది. కెన్యాలోని ఐసిఐపిఇ అనే కీటక పరిశోధన సంస్థలో భారతీయ శాస్త్రవేత్త జెయావుర్ ఖాన్ బృందం అంతకు చాలా ముందే కాండం తొలిచే పురుగు కోసం రూపొందించిన పద్ధతి దీని మీదా కొంత పనిచేస్తోంది. సాళ్ల మధ్య డెస్మోడియం అనే పశుగ్రాసపు చిక్కుడు జాతి మొక్క, దాని వాసన రెక్కల పురుగును తరిమేస్తుంది. పొలం చుట్టూ నేపియర్ గడ్డి, అది ఆకర్షిస్తుంది. పైగా డెస్మోడియం వేళ్లు స్ట్రైగా అనే పరాన్నజీవి కలుపును అణచివేస్తాయి. పశువులున్న ఇంటికి ఇది రెండు విధాల లాభం. పశువుల్లేని ఇంటికి అంత గడ్డి ఏం చేసుకోవాలో తెలియదు.

## గింజ ఇంటికొచ్చాక కూడా పోతుంది

పండిన దాన్ని దాచుకోలేకపోతే పండించి లాభం లేదు. ముక్క పురుగుకు తోడు, మధ్య అమెరికా నుంచి వచ్చి 1980 ప్రాంతంలో టాంజానియాలో బయటపడిన పెద్ద గింజ తొలుచు పురుగు కొన్ని నెలల్లోనే గాదెను పొడి చేసేస్తుంది. ఆ భయంతోనే రైతు కోతలు కాగానే చవగ్గా అమ్మేసి, జనవరిలో అదే గింజను రెట్టింపు ధరకు కొనుక్కుంటాడు. దీనికి ఒక సులువైన పరిష్కారం కామెరూన్‌లో అలసందల కోసం మొదలైంది: మామూలు గోనె సంచి లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు. బిగించి కట్టేస్తే లోపలి పురుగులు ఉన్న ఆక్సిజన్ వాడేసుకుని చచ్చిపోతాయి. మందు చల్లక్కర్లేదు.

గింజ సరిగ్గా ఆరకుండా సంచిలో పోస్తే మాత్రం ప్రమాదం. బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ విషం మన వేరుశనగ రైతులకు తెలిసిందే. 2004లో తూర్పు కెన్యాలో విషమెక్కిన మొక్కజొన్న తిని 125 మంది చనిపోయారు.

దేశ స్థాయిలోనూ ఇదే సమస్య. 2001లో మలావీ తన వ్యూహాత్మక ధాన్యం నిల్వలను దాదాపు మొత్తం అమ్మేసింది. మరుసటి ఏడాది ఆకలి చావులు సంభవించాయి. ఐఎంఎఫ్ చెప్పడం వల్లే అమ్మామని ప్రభుత్వం అంది. నిల్వ తగ్గించుకోమన్నామే గానీ అంతా అమ్మేయమనలేదని ఐఎంఎఫ్ అంది. ఆ వివాదంలో అవినీతి ఆరోపణలూ చేరాయి. నిల్వకు ఖర్చవుతుంది, గింజ పాడవుతుంది, అందుకని దాన్ని భారంగా చూడటం సులువు. అవసరం వచ్చేసరికి సముద్రం లేని దేశానికి బయటి గింజ చేరడానికి నెలలు పడుతుంది.

## ఇన్సూరెన్స్ లెక్క తప్పిన ఏడాది

ఇటీవల బాగా వినిపిస్తున్నది వాతావరణ ఆధారిత బీమా. ఇందులో ఎవరూ పొలానికి వచ్చి నష్టం చూడరు. ఉపగ్రహం వాన కొలుస్తుంది, కంప్యూటరు నమూనా ఎంతమంది నష్టపోయారో అంచనా వేస్తుంది, గీత దాటితే డబ్బు వస్తుంది. ఆఫ్రికన్ యూనియన్ కింద 2012లో ఏర్పడిన ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ దేశాలకే ఇలాంటి పాలసీలు అమ్ముతుంది.

2015-16 సీజనుకు మలావీ 47 లక్షల డాలర్ల ప్రీమియం కట్టింది. ఘోరమైన కరువు వచ్చింది. 2016 ఏప్రిల్‌లో జాతీయ విపత్తు ప్రకటించారు. ప్రభుత్వ అంచనాలో 65 లక్షల మందికి తిండి సాయం కావాలి. కంప్యూటరు నమూనా చెప్పింది మాత్రం 21 వేల మంది లోపే. డబ్బు రాదన్నమాట. కారణం వెతికితే తేలింది: నమూనాలో 120 నుంచి 140 రోజుల మొక్కజొన్న రకం ఉందనుకున్నారు, రైతులు అప్పటికే 90 రోజుల రకాలకు మారిపోయారు. వాన ఆగిన వారాలు ఒక రకానికి అంత చేటు చేయవు, ఇంకో రకాన్ని సరిగ్గా పూత మీద కొడతాయి. నమూనా సరిదిద్దాక 81 లక్షల డాలర్లు ఇచ్చారు. అవి చేరేసరికి 2017 జనవరి. 65 లక్షల మందికి పంచితే తలా డాలరుంపావు.

దీన్ని చూసి బీమా మోసమని కొందరు తేల్చేశారు. సంస్థ లోపాన్ని ఒప్పుకుని సరిచేసింది, 2024 కరువుకు మలావీకి కోటి డాలర్లకు పైగా చెల్లించింది కూడా. చిన్న పేద దేశానికి దాతల దయ కోసం ఎదురు చూడకుండా హక్కుగా వచ్చే డబ్బు చిన్న విషయం కాదు. కానీ పొలంలో ఏ రకం ఉందో అడిగి తెలుసుకోని వ్యవస్థ ఎంత ఖరీదైన ఉపగ్రహం వాడినా తప్పులే చెబుతుంది.

ఇథియోపియా వేరే దారి పట్టింది. 2005లో మొదలైన అక్కడి భద్రతా పథకం, కరువు వచ్చినా రాకపోయినా, ఏటా ఆకలి నెలల్లో లక్షల కుటుంబాలకు పని చూపించి డబ్బో ధాన్యమో ఇస్తుంది. పని అంటే కొండవాలుకు గట్లు, కుంటలు, ఊరి రోడ్లు. పని చేయలేని వృద్ధులకు నేరుగా ఇస్తారు. 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీకి ఇది దగ్గరి పోలిక. పథకం బాగా నడిచిన ఏళ్లలో సుమారు 80 లక్షల మందికి అందింది. 2011 కరువులో పక్కనున్న సోమాలియాలో రెండున్నర లక్షల మంది చనిపోతే, ఇథియోపియా చాలావరకు గట్టెక్కింది. సోమాలియాలో అంతర్యుద్ధం ఉందని, ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదని గుర్తుంచుకోవాలి. 2020లో ఇథియోపియా ఉత్తర ప్రాంతం తిగ్రేలో యుద్ధం మొదలయ్యాక అక్కడి జనానికీ సాయం ఆగిపోయింది. తుపాకులు మోగుతున్న చోట ఏ పథకమూ నిలవదు.

## పొరుగున గింజ ఉన్నా

2024 కరువులో దక్షిణ దేశాలు ఎండిపోతే, ఉత్తరాన టాంజానియాలో మిగులు ఉంది. జాంబియా అక్కడి నుంచి పెద్ద ఎత్తున కొంది. మలావీకి టాంజానియాతో సరిహద్దే ఉంది. కానీ 2023 డిసెంబరులోనే మలావీ, మొక్కజొన్నకు వచ్చే ప్రాణాంతక వైరస్ తెగులు భయంతో, టాంజానియా, కెన్యాల నుంచి గింజ దిగుమతిని నిషేధించింది. తెగులు భయం ఉత్తుత్తిది కాదు, దేశంలోకి వస్తే నష్టం ఏళ్లపాటు ఉంటుంది. పిండి రూపంలో అయితే ఆ ముప్పు లేదు, దాన్ని అనుమతించవచ్చు. అయితే పిండికి లారీ ఖర్చు, మర ఖర్చు కలిసి ధర పెరుగుతుంది. ఒక ఏడాది ఒకరు నిషేధిస్తే మరుసటి ఏడాది ఇంకొకరు నిషేధిస్తారు. ఈ అనిశ్చితి వల్ల వ్యాపారులు సరిహద్దుల దగ్గర గోదాములు కట్టడానికి వెనుకాడతారు. 2021 నుంచి అమల్లోకి వచ్చిన ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కాగితం మీద దీన్ని మార్చాలి.

2003లో మాపుటోలో ఆఫ్రికా నేతలు బడ్జెట్‌లో పదో వంతు వ్యవసాయానికి ఇస్తామన్నారు. 2014లో మలాబోలో 2025 నాటికి ఆకలిని అంతం చేస్తామన్నారు, ఆ గడువు దాటిపోయింది. 2025 జనవరిలో కంపాలాలో కొత్త లక్ష్యాలు పెట్టుకున్నారు: 2035 నాటికి ఆహారోత్పత్తి 45 శాతం పెంచడం, కోతల తర్వాతి నష్టాన్ని సగానికి తగ్గించడం, దేశాల మధ్య వ్యాపారం మూడు రెట్లు చేయడం. పదో వంతు హామీని చాలా దేశాలు నిలబెట్టుకోలేదు. దాన్ని పలుమార్లు అందుకున్న కొద్ది దేశాల్లో మలావీ ఒకటి. ఆ డబ్బులో పెద్ద ముద్ద ఏటా ఎరువు బస్తాలకే పోయింది. 2025 సెప్టెంబరు ఎన్నికల్లో బింగు తమ్ముడు పీటర్ ముతారికా తిరిగి అధికారంలోకి వచ్చినప్పుడు కూడా ఓటర్ల నోట ఎక్కువగా వినిపించినవి మొక్కజొన్న, ఎరువుల ధరలే. బస్తాలు తగ్గించి ఆ డబ్బును గోదాములకు, కుంటలకు, వ్యవసాయ సిబ్బందికి మళ్లించాలంటే, బస్తా అందని మొదటి ఏడాది ఆ ఎకరంపావు కుటుంబం జనవరిలో ఏం తింటుందో ప్రభుత్వం ముందే జవాబు చెప్పాల్సి ఉంటుంది.